మా ఇంటి చుక్కద్దం

తాతయ్య ట్రంకు పెట్టెలో చూడగానే అర్థమయ్యే వస్తువులే ఎక్కువ. ఖాకీ స్వెటర్, ముతక దుప్పటి, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితాలు, తెల్లగుడ్డలో చుట్టిన మెడల్. ఎవరికీ అర్థం కానిది ఒక్కటే. అడుగున తోలు కేసులో ఉండే గుండ్రటి అద్దం. మేం దాన్ని చుక్కద్దం అనేవాళ్ళం, ఎందుకంటే దానికి సరిగ్గా నడిమధ్యలో చిన్న చుక్కంత మేర రసం లేదు. మిగతా అద్దమంతా శుభ్రంగా ఉంది, మధ్యలో ఆ చుక్క దగ్గర మాత్రం ఇవతలి నుంచి అవతలికి కనిపించేది.

అద్దం చుట్టూ ఇత్తడి చట్రం. ఆ చట్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఒక వంపు తిరిగిన ఇత్తడి చేయి. వెనకవైపు పైనుంచి కిందికి ఒక సన్నటి కడ్డీ, దాని కింద వేలితో నొక్కేందుకు చిన్న మీట. నొక్కితే అద్దం కొద్దిగా, చాలా కొద్దిగా వంగేది. వదలగానే మళ్ళీ యథాస్థానానికి వచ్చేసేది. అడుగున మర ఎక్కించేందుకు రంధ్రం. కింది దిమ్మ నుంచి ముందుకు చాచిన ఒక పట్టీ, ఆ పట్టీ చివర ఏదో దూర్చి బిగించడానికి పెట్టినట్టు ఖాళీ గూడు. అందులో ఏం దూరుస్తారో ఎవరికీ తెలియదు.

సెలవుల్లో పెట్టె తెరిచినప్పుడల్లా పిల్లలందరం దాని మీద పడేవాళ్ళం. ఎండలోకి తీసుకెళ్ళి గోడల మీద వెలుగు కొట్టడం మా ఆట. అప్పుడొక తమాషా గమనించాం. అట్ట ముక్కని అద్దానికి దగ్గరగా పెడితే వెలుగు మధ్యలో నల్లటి చుక్క స్పష్టంగా కనిపించేది. అట్టని వెనక్కి జరిపేకొద్దీ ఆ చుక్క పలచబడి, దూరపు గోడ మీదికి వెళ్ళేసరికి మాయమయ్యేది. చుక్క ఎక్కడికి పోయిందని ఒకళ్ళనొకళ్ళం అడుక్కునేవాళ్ళం. పెద్దవాళ్ళు చెప్పిన జవాబు ఒకటే: "పాత అద్దం, మధ్యలో రసం పోయింది."

ఒకసారి ఇంటికి కిటికీ అద్దాలు బిగించడానికి వచ్చినతను దాన్ని చూసి, మళ్ళీ రసం పూసి కొత్తదానిలా చేసిస్తానన్నాడట. నాన్న సరేననబోతే నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆయన దాన్ని అలాగే ఉంచుకున్నారు, అలాగే ఉండనీ" అందట. ఆవిడకి అది దేనికి వాడతారో తెలిసి కాదు. తాతయ్య వస్తువు మీద వేరేవాళ్ళ చేయి పడటం ఇష్టం లేక. ఆ ఒక్క మాటకి నేను నాయనమ్మకి ఎంత రుణపడి ఉన్నానో ఇప్పుడు తెలుస్తోంది.

తాతయ్య పోయేటప్పటికి నేను చిన్నదాన్ని. ఆయన గురించి నాకు బాగా గుర్తున్నవి రెండే సంగతులు. ఒకటి, మధ్యాహ్నం తర్వాత టైము చెప్పాల్సి వస్తే "నాలుగు పిప్ ఎమ్మా" అనేవారు. అది మిలిటరీ హిందీ ఏమో అనుకుని మేమూ అలాగే అనేవాళ్ళం. రెండోది కథలు. రాత్రి డాబా మీద పడుకుని కథ చెప్పేటప్పుడు ప్రతి వాక్యానికీ ఊ కొట్టాల్సిందే. ఏ కథకైనా ఊ కొడతారు కానీ తాతయ్య దగ్గర అది గట్టి నియమం. ఊ వినపడకపోతే ముందుకు కదిలేవారు కాదు. చెప్పిన వాక్యాన్నే అదే గొంతుతో, అదే వేగంతో మళ్ళీ చెప్పేవారు. విసుక్కునేవారు కాదు, నిద్రపోయావా అని అడిగేవారు కూడా కాదు. ఊ వచ్చేదాకా అదే వాక్యం.

నాన్నగారి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె మా ఇంటికి చేరింది. ఇక ఈ అద్దం సంగతేంటో తేల్చాలని అప్పుడే అనుకున్నాను. తెలిసినవాళ్ళ తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. ఇంకో పదేళ్ళాగితే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. మాది అద్దం కాబట్టి సరిపోయింది. ఇంట్లో దొరికిన పాత మిలిటరీ వస్తువు బరువైన లోహపు గుండులాగానో, తూటాలాగానో, మూతీ పిన్నూ ఉన్న డబ్బాలాగానో ఉంటే దాన్ని కదపకూడదు, తుడవకూడదు, విప్పడానికి అసలు ప్రయత్నించకూడదు. ఎన్ని దశాబ్దాలు గడిచినా లోపలి మందు చావదు, పాతబడ్డ కొద్దీ కొన్ని ఇంకా ప్రమాదకరంగా తయారవుతాయి. దూరంగా జరిగి పోలీసులకి ఫోన్ చేయడమొక్కటే పని. ముచ్చటపడి షోకేసులో పెట్టుకునే వస్తువులు కావవి.

సరే, అద్దం. ముందు ఇంట్లో అభిప్రాయాలు సేకరించాను. నాన్న బతికుండగా సర్వే పరికరం అనేవారు. కానీ సర్వేకి వాడే వస్తువేదైనా కొలవాలి కదా. థియోడొలైట్ మీద డిగ్రీల గీతలు చెక్కి ఉంటాయి. దీని మీద ఎక్కడా ఒక్క గీత లేదు, అంకె లేదు. ఇది దేన్నీ కొలిచే వస్తువు కాదు.

మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, అది డాక్టరు అద్దం అన్నాడు. చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టర్లు వెనకటికి నుదుటికి కట్టుకునేవారే, మధ్యలో చిల్లు ఉండే గుండ్రటి అద్దం, అది. ఈ ఊహ నాకు చాలా నచ్చింది. మిలిటరీ ఆసుపత్రి, తాతయ్య కాంపౌండరు, కథ చక్కగా కుదురుతోంది. కానీ ఆ డాక్టరు అద్దం వెలుగునంతా ఒకచోటికి చేర్చడానికి లోపలికి వంగి ఉంటుంది. అందులో దగ్గరగా చూసుకుంటే మన ముఖం పెద్దదిగా కనిపిస్తుంది. ఇందులో ముఖం ముఖంలాగే ఉంది. పైగా నుదుటికి కట్టుకునే అద్దానికి ఇంత ఇత్తడి దిమ్మ ఎందుకు?

తర్వాత వాడే ఇంకొకటి చెప్పాడు. సముద్రంలో పడిపోయిన పైలట్లు పైనెళ్ళే విమానాలకి మెరుపు చూపించడానికి ఒక అద్దం వాడేవారు, గురి చూసుకోవడానికి దానికి మధ్యలో రంధ్రం ఉంటుందని. అది జేబులో పట్టే చేతి అద్దం. మనదానికి స్టాండు మీద ఎక్కించే మర ఉంది, నొక్కే మీట ఉంది. అయినా ఈ ఊహతో నాకో దారి దొరికింది. చుక్క గురి కోసం అయితే, రసం పోయిందన్నది నిజం కాదు. కావాలనే అక్కడ రసం పూయకుండా వదిలేశారన్నమాట. చుక్క అంచుని భూతద్దం పెట్టి చూశాను. రసం ఊడిపోతే అంచు గరుకుగా, పొరలు పొరలుగా ఉంటుంది. ఇది కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా ఉంది.

ఇక ముద్రల వేట. ఇత్తడిని తళతళలాడేలా తోమేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. తోమకూడదు. పైపైన చెక్కిన అక్షరాలు తోముడుకే అరిగిపోతాయి. లైట్లన్నీ ఆర్పేసి, టార్చిని పక్కనుంచి వాలుగా కొడితే ముద్రలన్నీ నీడలతో లేచి కనిపిస్తాయి. పలచటి కాగితం వేసి పెన్సిలు పక్కవాటుగా రుద్దితే ఇంకా బాగా తేలతాయి. అలా తేలినవి: ఒక సీరియల్ నంబరు, రోమన్ అంకెల్లో అయిదు, ఒక బాణం గుర్తు. బాణం మొన పైకి, దాని కింద ఇంగ్లీషు 'ఐ' అక్షరం. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని తెలిపే పాత ముద్ర. కింద 'ఐ' ఉంటే ఇండియా ప్రభుత్వ సరుకు. అప్పటి రైఫిళ్ళ మీద కూడా అదే ముద్ర ఉంటుంది. అంటే వస్తువు సైన్యానిదే.

తర్వాత మెడల్ విప్పాను. ఒకవైపు కిరీటంతో ఆరో జార్జి రాజు, రెండోవైపు పులి, పైన ఇండియా అని. రిబ్బను దగ్గరి పట్టీ మీద 'నార్త్ వెస్ట్ ఫ్రాంటియర్ 1937-39' అని ఉంది. ఆ కాలపు మెడళ్ళలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. నాణెం అంచులాంటి చోట, చుట్టూ, సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. చాలా ఇళ్ళలో ఈ సంగతి తెలియక ముందూ వెనకా చూసి పెట్టేస్తారు. అంచు తిప్పి చూడండి. మా తాతయ్య పేరు అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంటిపేరు స్పెల్లింగు కాస్త అటూ ఇటూగా ఉంది. పేరు చివర ఇండియన్ సిగ్నల్ కోర్, అంటే సైన్యంలో సందేశాలు చేరవేసే దళం, పొట్టి అక్షరాలు. డిశ్చార్జి కాగితాల్లో ట్రైనింగ్ జబ్బల్‌పూర్ అనీ, రజ్మక్ అనీ ఉన్నాయి. 1946లో విడుదల.

మా వీధిలో పొద్దున్నే నడకకి వచ్చే ఒక పెద్దాయన రిటైర్డ్ సుబేదారు, అదీ సిగ్నల్స్‌లో చేసినాయన. ఒకరోజు ఇంటికి పిలిచి బల్ల మీద అద్దం పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముందు అద్దం వైపు చూడనేలేదు. వెనక మీట మీద చూపుడువేలు ఆనించి పొడవుగా ఒకసారి, పొట్టిగా ఒకసారి నొక్కారు.

"ఇది హీలియో అమ్మా. హీలియోగ్రాఫ్. ఎండ వెలుగుతో సందేశాలు పంపే పరికరం. జబల్‌పూర్ మ్యూజియంలో గాజు పెట్టెలో చూశాను. చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి."

రోమన్ అయిదు మార్క్ ఫైవ్, అంటే అయిదో నమూనా అని, అద్దం అయిదంగుళాలని, కొలవకుండానే చెప్పారు. మాటల్లో మాటగా తాతయ్య పిప్ ఎమ్మా సంగతి చెబితే చిన్నగా నవ్వారు. మా ఉస్తాద్‌ల ఉస్తాద్‌లు అలా అనేవాళ్ళని చెప్పారు. శబ్దం కలగాపులగం కాకుండా సిగ్నలర్లు అక్షరాలకి పేర్లు పెట్టుకున్న రోజుల్లో 'పి'ని పిప్ అనీ, 'ఎం'ని ఎమ్మా అనీ పిలిచేవారట. పి.ఎం. కాస్తా పిప్ ఎమ్మా అయింది. తాతయ్యది మిలిటరీ హిందీ కాదు, సిగ్నలర్ల అలవాటు.

ఆ తర్వాత ఆయన పట్టీ చివర ఖాళీ గూడు చూపించి అడిగారు. "ఇందులో ఒక ఇత్తడి కడ్డీ ఉండాలి. పైన చిన్న రేకు మడత పడుతూ లేస్తూ ఉంటుంది. అది ఏది? అది లేకపోతే ఇది ఉత్త అద్దమే."

పెట్టె అంతా వెతికాం. లేదు. బాబాయికి వీడియో కాల్ చేసి, పెట్టెలోంచి తీసుకున్నవేమైనా ఉన్నాయా అని అడిగాను. బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చి కెమెరా ముందు ఒక ఇత్తడి కడ్డీ ఎత్తి పట్టుకున్నారు.

"ఇదా అమ్మాయ్?"

పంపకాలప్పుడు బాబాయి ట్రంకు పెట్టె వద్దన్నారట. తాతయ్య పేపరు చదివేటప్పుడు కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకునే కడ్డీ ఒక్కటి చాలన్నారట. చిన్నప్పుడు దాని రేకుని టిక్కు టిక్కుమనిపిస్తూ ఆడుకున్న జ్ఞాపకం ఆయనది. అలా అద్దం అన్న ఇంటికీ, కడ్డీ తమ్ముడి ఇంటికీ వెళ్ళిపోయాయి. రెండిళ్ళలోనూ అదేంటో తెలియకుండానే, తాతయ్యదన్న ఒక్క కారణానికి జాగ్రత్తగా దాచారు. ఎవరో ఒకరు పాత సామాన్లవాడికి తూకం వేసేసి ఉంటే ఈ కథే లేదు.

బాబాయి కడ్డీ తీసుకుని స్వయంగా వచ్చారు. కొరియర్ చేయమంటే ఒప్పుకోలేదు. పట్టీ చివర గూట్లో దాన్ని దించి, మర బిగించే పని కూడా నన్ను చేయనివ్వలేదు. ఇత్తడి మీద ఇత్తడి ఒరుసుకుంటూ దిగి, లోపల ఎక్కడో టక్కున ఆగింది. అంత సరిగ్గా కూర్చుంది.

ఇప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే మా చుక్క ఎందుకుందో అప్పుడే తెలుస్తుంది. ఎదురుగా ఎక్కడో కొండ మీద మనవాళ్ళున్నారు. సూర్యుడి వెలుగు అద్దం మీద పడి సరిగ్గా వాళ్ళ దగ్గరికి పోవాలి. కానీ ఆరుబయట గాలిలో వెలుగు ఎటు పోతోందో మనకి కనపడదు కదా. అందుకని సిగ్నలర్ ముందు అద్దంలోకి చూస్తూ, ఎదుటి కొండ ప్రతిబింబం మధ్య చుక్క చాటుకి వచ్చేలా తల జరుపుకుంటాడు. తల కదపకుండా కడ్డీని సర్ది, దాని పైభాగం కూడా అదే గీతలోకి వచ్చేలా చేస్తాడు. అంటే చుక్క, కడ్డీ, ఎదుటి కొండ ఒకే వరసలో ఉన్నాయి. ఇప్పుడు కడ్డీ మీది రేకు పైకెత్తి అద్దం తిప్పుతాడు. వెలుగు రేకు మీద పడుతుంది, ఆ వెలుగు మధ్యలో చుక్క నీడ. మీట నొక్కి పట్టి, నీడని రేకు మీది గుర్తులో కూర్చోబెడితే చాలు, మిగతా వెలుగంతా ఆ వరసలోనే సాగి నేరుగా ఎదుటి కొండకి చేరుతుంది.

చిన్నప్పుడు మేం అట్ట మీద చూసిన నల్ల చుక్క అదే. సూర్యుడు ఒక బిందువు కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే నీడ దూరం పోయేకొద్దీ చెదిరిపోతుంది. కడ్డీని అద్దానికి అంత దగ్గరగా పెట్టింది కూడా నీడ ఇంకా చెదరని చోట రేకు ఉండాలనే. ఆ కారణంగానే అద్దం నుంచి బయల్దేరిన వెలుగు కూడా కిలోమీటరుకి దాదాపు 9 మీటర్ల చొప్పున విచ్చుకుంటూ పోతుంది. 10 కిలోమీటర్ల అవతల 90 మీటర్ల వెడల్పు, అంతే. ఆ వెలుగులో నిలబడ్డవాడికి తప్ప పక్క కొండ మీద ఉన్నవాడికి మెరుపే కనపడదు. శత్రువు వినేందుకు లేదు, కత్తిరించేందుకు తీగ లేదు, మోయడానికి బ్యాటరీ లేదు. గాలి నిర్మలంగా ఉంటే అయిదంగుళాల అద్దం మెరుపు 48 కిలోమీటర్ల దూరం నుంచి మామూలు కంటికే కనిపిస్తుంది. 1894లో అమెరికా సైన్యం కొలరాడో, యూటా పర్వతాల మధ్య ఎనిమిదంగుళాల అద్దాలతో 295 కిలోమీటర్లు దాటించింది.

మీట నొక్కితే అద్దం సరైన వాలుకి వచ్చి వెలుగు అవతలికి చేరుతుంది. వదిలితే తప్పుకుంటుంది. పొట్టిగా నొక్కితే చుక్క, పొడవుగా నొక్కితే గీత. మిగతాదంతా మోర్స్ కోడ్, అంటే చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే పద్ధతి. ఈ పరికరాన్ని తయారుచేసిన హెన్రీ మాన్స్ పర్షియన్ గల్ఫ్ టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసేవాడు. 1869లో కరాచీలో దీన్ని రూపొందించాడు. 1878లో మొదలైన రెండో ఆఫ్ఘన్ యుద్ధం నాటికే సైన్యం చేతికి వచ్చింది. ఎండా కొండలూ ఉన్నచోట దీనికి సాటి లేదు. తాతయ్య పనిచేసిన వజీరిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దులోని కొండ ప్రాంతం, సరిగ్గా అలాంటి చోటు.

కాగితాల్లో ఉన్న రజ్మక్ ఆ ప్రాంతంలో దాదాపు 2000 మీటర్ల ఎత్తున ఉన్న కంటోన్మెంటు. 1936 నుంచి అక్కడ తిరుగుబాటు నాయకుడు ఇపీ ఫకీరు మనుషులతో బ్రిటిష్ ఇండియా సైన్యానికి ఎడతెగని పోరు. లోయలో రోడ్డు మీద సైన్యం కదలాలంటే ముందు రెండు పక్కలా కొండల మీద చిన్న చిన్న కాపలా దళాలు ఎక్కి కూర్చోవాలి. కింద సైన్యం దాటిపోయాక, దిగిరండి అని సందేశం వచ్చేదాకా ఆ దళం అక్కడే ఉండాలి. ఆ సందేశం జెండాతోనో హీలియోతోనో వచ్చేది. అప్పటి వైర్‌లెస్ సెట్లు కంచర గాడిదల మీద మోయించేంత బరువు. మబ్బు పడితే హీలియో మూగబోయేది, రాత్రిళ్ళు సిగ్నల్ దీపాలు వాడేవారు. తాతయ్య ఎప్పుడూ యుద్ధం కథలు చెప్పలేదు. కొండ మీద కూర్చునేవాళ్ళం, ఎండ చూసుకునేవాళ్ళం, అనేవారంతే. ఎండ చూసుకోవడం అంటే చలికాచుకోవడం అనుకున్నాను ఇన్నేళ్ళూ. అది ఆయన ఉద్యోగం.

ఇంత తెలిశాక ఒకసారి పనిచేయించి చూడకుండా ఎలా ఉంటాం. మా డాబా పిట్టగోడ మీద ఇసుక పోసి దిమ్మ కదలకుండా కూర్చోబెట్టాం. దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక అపార్ట్‌మెంటు కనిపిస్తుంది. బాబాయి మనవడు ఫోన్ పట్టుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఆ అపార్ట్‌మెంటు పైకెక్కాడు. సుబేదారు గారు నన్ను అద్దం ముందు నిలబెట్టి, తల కదపొద్దమ్మా అని హెచ్చరించారు. అద్దంలో అపార్ట్‌మెంటు పైభాగం ప్రతిబింబాన్ని చుక్క చాటున దాచడం, కడ్డీని సర్దడం, ఇదంతా చెప్పినంత తేలిక కాదు. చివరికి రేకు మీద వెలుగు పడింది. అడ్డంగా తిప్పే స్క్రూ ఒకటి, పైకీ కిందికీ వంచే స్క్రూ ఒకటి. మీట నొక్కి పట్టి, వేలి కొసలతో వెంట్రుకవాసి తిప్పుతూ నల్ల చుక్కని గుర్తులోకి తెచ్చాను. చుక్క గుర్తులో ఆగిన క్షణంలో స్పీకర్‌లో వాడి కేక.

"అత్తా! కనిపించింది! అబ్బ, ఎంత వెలుగో!"

బాబాయి కళ్ళు తుడుచుకున్నారు. నేను మీట నొక్కుతూ వదులుతూ ఉంటే వాడు అక్కడి నుంచి ఉంది, లేదు, ఉంది అని చెబుతున్నాడు. నిమిషం గడిచిందో లేదో "పోయింది అత్తా" అన్నాడు. చూస్తే రేకు మీద చుక్క పక్కకి జరిగింది. నేనేమీ కదపలేదు. సూర్యుడు కదిలాడు. నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ చొప్పున ఆకాశం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి సిగ్నలర్ ఒక చేత్తో మీట నొక్కుతూనే, రెండో చేత్తో స్క్రూ తిప్పుతూ సూర్యుడి వెంట పడుతూ ఉండాలి. కన్ను ఆ చుక్క మీంచి తీయకూడదు. తాతయ్య ఈ పని వజీరిస్తాన్ చలిగాలిలో, తుపాకుల చప్పుళ్ళ మధ్య, ఇరవై ఏళ్ళు దాటీ దాటని వయసులో చేశారు.

కిందికి దిగాక టీ తాగుతూ సుబేదారు గారు ఒక మాట చెప్పారు. ఆయన మామూలుగా చెప్పుకుపోతున్నారు, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. హీలియోలో సందేశం పంపేటప్పుడు ఒక్కో మాట పంపి ఆగుతారట. అవతలివాడికి అందితే ఒక పొడవాటి మెరుపు పంపుతాడు, ఒకే ఒక్క గీత. అది కనిపిస్తేనే తర్వాతి మాట. కనిపించకపోతే అదే మాట మళ్ళీ మొదటినుంచి. మబ్బు అడ్డొచ్చిందా, అవతలివాడు చూడలేదా, వాడికేమైనా అయిందా, అవేవీ తెలియవు. మెరుపు వచ్చేదాకా అదే మాట, అదే వేగంతో.

డాబా మీద మా ఊ అదే. తాతయ్య మాకు కథ చెప్పేటప్పుడు కూడా అవతలి కొండ నుంచి మెరుపు కోసం చూసేవారు. ఆ సంగతి బాబాయితో అంటే తలూపి, చిన్నప్పుడు తను కావాలనే ఊ కొట్టకుండా ఒకే వాక్యం ఎన్నోసార్లు చెప్పించేవాడినని, ఆయనకి ఒక్కసారి కూడా కోపం రాలేదని చెప్పారు. ఇద్దరం చాలాసేపు ఆయన కథలే చెప్పుకున్నాం. నాకు గుర్తులేని వాక్యాలు బాబాయికి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అన్నిసార్లు విన్నారు మరి.

ఒక ప్రశ్న మిగిలిపోయింది. ప్రభుత్వ ముద్ర ఉన్న వస్తువు తాతయ్య దగ్గరికి ఎలా వచ్చింది? సైన్యం ఇచ్చిన పరికరాన్ని లెక్క చూసి మరీ వెనక్కి తీసుకుంటారు. ఈ ముడి విప్పింది మా పెద్దత్తయ్య. ఆవిడ నాన్నకన్నా పెద్దది. ఫోన్‌లో వింటూనే అందుకుంది.

"అది మిలిటరీ నుంచి తెచ్చింది కాదే. వచ్చిన చాలా ఏళ్ళకి కొన్నాడు నాన్న. మిలిటరీ డిస్పోజల్ సామాన్లు అమ్ముతుంటే బూట్లు కొనుక్కొస్తానని వెళ్ళి ఇది పట్టుకొచ్చాడు. ఇంట్లో పెద్ద గొడవ. బూట్లు కొనమంటే చుక్క పడ్డ అద్దం తెచ్చావేంటని అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు."

యుద్ధం అయిపోయాక సైన్యం దగ్గర గుట్టలుగా మిగిలిన సామాను డిస్పోజల్స్ పేరుతో అమ్మేశారు. గుడారాలు, బూట్లు, కోట్లు, జీపులు, పరికరాలు. ఆ గుట్టల్లో ఎక్కడో తాతయ్యకి ఇది కనిపించింది. ఆయన కొండ మీద వాడినది ఇది కాకపోవచ్చు. సీరియల్ నంబరుని ఆయన పేరుతో ముడిపెట్టే కాగితం ఏదీ మా దగ్గర లేదు. కానీ అదే మార్కు, అదే కొలత, అదే మీట. బూట్లకి దాచిన డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. ఎందుకో నాయనమ్మకి చెప్పలేదు. కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడని ఆ నాయనమ్మే, ఆయన పోయాక దానికి రసం పూయనివ్వలేదు.

ఇప్పుడు అద్దం, కడ్డీ ఒకే కేసులో ఉన్నాయి. తోలు ఎండి పగుళ్ళు పట్టింది, పట్టీ ఊడేలా ఉంది, అందుకని కేసుని మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచాం. లోపల ఒక కార్డు పెట్టాను. వస్తువు పేరు, తాతయ్య పేరు, మెడల్ అంచు మీది నంబరు, డిస్పోజల్లో కొన్నదని అత్తయ్య చెప్పిన మాట, ఎలా వాడాలో నాలుగు వాక్యాలు. చివర పెద్ద అక్షరాలతో: మధ్య చుక్కకి రసం పూయించవద్దు. బాబాయి ఒక షరతు కూడా రాయించారు, అద్దాన్నీ కడ్డీనీ ఏ పంపకాల్లోనూ విడదీయకూడదని.

రెండో అద్దం ఒకటి ఉండాలట. సూర్యుడు మన వీపు వైపు ఉన్నప్పుడు వెలుగుని తిప్పి పంపడానికి కడ్డీ చోట బిగించేది. అది మా దగ్గర లేదు, కాబట్టి సూర్యుడు ముందువైపు ఉన్న వేళల్లోనే మాకు పని. మనవడు మోర్స్ నేర్చుకుంటున్నాడు, అక్షరాలు తడబడుతున్నా గీత మాత్రం గట్టిగా పంపుతాడు. మూడు కిలోమీటర్లు ఏపాటి, పది దాటిద్దాం అంటున్నారు బాబాయి. వానలు తగ్గి ఆకాశం తేటపడగానే ఆ పని పెట్టుకుంటాం. ఎదురుగా ఎవరు నిలబడాలన్న దాని మీద ఇంట్లో ఇప్పటికే పోటీ మొదలైంది.